పట్టేసిన బోల్టు విప్పడం, విరిగిన బోల్టు తియ్యడం: ఉప్పుగాలి ఊళ్ళో నేను నేర్చుకున్న వరస

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుద్ది. ఓ 100 సీసీ బండి, సైలెన్సర్ స్టడ్డు, అంటే తల లేకుండా రెండు చివర్లా మరలుండే బోల్టు, ఎం6 సైజు, అంటే ఆరు ఎంఎం, పెన్సిలంత లావు కూడా ఉండదు. నట్టు విప్పబోతే నట్టుతో పాటు స్టడ్డే మెలితిరిగి ఇంజిన్ హెడ్డు దగ్గరికంటా తెగిపోయింది. సరే అని మధ్యలో కన్నం పెట్టి ఈజీ అవుట్ (విరిగిన బోల్టు కన్నంలో దించి విప్పే వైపు తిప్పి బయటికి లాగే ఉల్టా మరల పుల్ల) దించి టీ హ్యాండిల్‌తో తిప్పాను, కదల్లేదు, ఇంకాస్త బలం పెట్టాను. టిక్కుమని చిన్న చప్పుడు, చేతికి ఒక్కసారిగా తేలికైపోయింది, వచ్చేసిందనుకుని నవ్వుకున్నాను కూడా. చూస్తే ఈజీ అవుట్ మొన విరిగి లోపలే ఉండిపోయింది. అది గట్టి ఉక్కండి, మామూలు డ్రిల్ బిట్టు దానిమీద జారుద్ది తప్ప కొరకదు.

చిన్న స్టడ్డు పని కాస్తా హెడ్డు విప్పి గోనెసంచిలో చుట్టుకుని లేతు దగ్గరికి మోసుకెళ్ళే పనయింది. మేస్త్రి గారు దాన్ని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి "ఎవరండీ బాబూ దీన్నిలా చేసింది" అన్నారు. "ఎవరో కుర్ర మెకానిక్కండి" అన్నాను. ఆయ్, అబద్ధమే. ఆయన నా గోళ్ళల్లో గ్రీజు వంక చూసి ఇంకేం అడగలేదు. పంచ్‌తో ఆ ముక్కని పొడి పొడిగా చితక్కొట్టి, కార్బైడ్ బిట్టుతో గీకి తీసి, కొత్త మరలు వేసి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఒక మాట అడిగారు: "మొత్తం బోల్టంత లావు ఉన్నప్పుడే రానిది, దాని కడుపులో పెట్టిన పుల్లతో ఎలా వస్తుందనుకున్నారండి?"

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. విరిగిన బోల్టులు రెండు రకాలు. బిగించేటప్పుడు ఎక్కువ బిగించి విరిగినవి, లేకపోతే అదురుకి అలిసిపోయి విరిగినవి ఒక రకం. వీటికి లోపల పట్టేమీ ఉండదు, తల పోయింది కాబట్టి లాగే బలం కూడా పోయింది, ఒక్కోసారి సెంటర్ పంచ్, అంటే మొనదేలిన ఉక్కు కడ్డీ, అంచున పెట్టి మెల్లగా తడితేనే తిరిగొచ్చేస్తాయి, ఈజీ అవుట్ కూడా వీటికి బాగానే పని చేస్తుంది. రెండోది విప్పేటప్పుడు విరిగినవి. అంటే తుప్పు పట్టు బోల్టు బలం కన్నా ఎక్కువన్నమాట. అక్కడ ముందు పట్టు వదిలించాలి, తిప్పడం తర్వాత సంగతి. ఇది తెలీకుండా అందరం రెండోదానికి మొదటిదాని మందు వేస్తాం.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒకటే, ఇప్పుడు చేసే పని ఫెయిలైతే తర్వాత చెయ్యడానికి ఇంకోటి మిగిలుండాలి. నూనె పోస్తే పోయేదేం లేదు, కొడితే కాస్త రిస్కు, వేడి పెడితే ఇంకాస్త, డ్రిల్ పెడితే వెనక్కి దారి లేదు, ఈజీ అవుట్ విరిగితే ముందుకీ దారి లేదు. కింద చెప్పేది ఆ వరసలోనే.

మా వైపే ఎందుకింత

పైన రాజమండ్రిలో తిరిగే బండికీ, రోజూ నర్సాపురం దగ్గర పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగే బండికీ బోల్టుల్లో తేడా చూడాలండి. అంతర్వేది వైపు ఉప్పుగాలి, భీమవరం, ఆకివీడు వైపు చేపలు, రొయ్యల చెరువు గట్ల మీద ఏరియేటర్ (నీళ్ళల్లో గాలి కలిపే మిషను) తుంపర, సార్వాకీ దాళ్వాకీ ట్రాక్టర్లకి దమ్ము బురద. ఇనుములో ఇనప బోల్టయితే ఎర్ర తుప్పు, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి మరల మధ్య ఉబ్బి బిగిసిపోద్ది. అల్యూమినియంలో ఇనప బోల్టు, అంటే బండి హెడ్డు, ఇంజిన్ సైడు కవర్లు, ఇదింకో రకం. రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినేస్తుంది, తెల్ల పొడి కడుతుంది. సున్నంలా తెల్లగా కనపడిందంటే జాగ్రత్తపడండి, నూనె ఎంత పోసినా దాంట్లోకి తొందరగా దిగదు, వేడే గతి.

తిప్పే ముందు

వైరు బ్రష్షుతో బయటకొచ్చిన మరలు శుభ్రంగా గీకండి, నట్టు వచ్చే దారి అదే కదా, ఆ దారిలో తుప్పుంటే సగం వచ్చి మళ్ళీ పట్టేస్తుంది. తల గుంటల్లో మట్టి సూదితో తీసెయ్యండి, అలెన్ బోల్టయితే, అంటే తలలో ఆరు మూలల గుంట ఉండేదైతే, మరీ ముఖ్యం, కీ పూర్తిగా లోపలికి దిగకపోతే రెండో తిప్పుకే గుండ్రం అయిపోద్ది.

పన్నెండు మూలల రింగు పానా పక్కన పెట్టి ఆరు మూలల బాక్స్ పట్టుకోండి, అది తల మూలల్ని కాకుండా పక్కల్ని పట్టుకుంటుంది. డీ పానా, అదే రెండు పళ్ళ పానా, పట్టేసిన బోల్టుకి అసలు పెట్టొద్దు.

ఎటు తిప్పాలో కూడా చూసుకోండి, నవ్వకండి. గడ్డి కోసే మిషన్ల బ్లేడు నట్లు చాలావాటికి ఎడమ మర, అంటే మామూలుకి ఉల్టా తిరిగేది, ఉంటుంది, కొన్ని పాత లారీలకి ఎడమ చక్రాల నట్లూ అంతే, యమహా బండ్ల కుడి అద్దం కూడా. విప్పుతున్నామనుకుని బిగించి బిగించి విరగ్గొట్టినవాళ్ళని ఒకళ్ళిద్దర్ని ఎరుగుదును.

ఇక పానాకి పైపు తొడగడం గురించి. ఎం8 బోల్టు, 8.8 గ్రేడుది (బోల్టు బలం చెప్పే నంబరు, తల మీద ఉంటుంది), బిగించాల్సిన టార్కు, అంటే తిప్పే బలం, 25 న్యూటన్ మీటర్ల దగ్గర. మీరు ఒక మీటరు పైపు తొడిగి చివర పది కేజీల బలం పెట్టారంటే దాదాపు 100 న్యూటన్ మీటర్లు పడుతుంది. పది కేజీలంటే ఓ చేత్తో తేలిగ్గా పెట్టేస్తాం, చేతికి తెలీను కూడా తెలీదు. ట్రాక్టర్ చక్రం బోల్టుకి పైపు పెట్టండి, చిన్న బోల్టులకి వద్దు.

నూనె, ఓపిక

డబ్ల్యూడీ-40 తేమ పోగొట్టడానికి బాగుంటుంది గానీ గట్టిగా పట్టేసినవాటికి దానికన్నా పెనెట్రేటింగ్ ఆయిల్ అని విడిగా దొరికేదే మేలు. ఇంట్లో కలుపుకునేదొకటుంది, అసిటోను, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిలు సగం సగం. రెండూ కలిసి ఉండవు, వాడే ముందు ప్రతిసారీ గిలకొట్టాలి, అసిటోను భగ్గున అంటుకునే సరుకు కాబట్టి పొయ్యి, బీడీ దగ్గర వద్దు, రంగు మీద పడితే రంగు లేచిపోద్ది. ఏదీ లేకపోతే మన పాత డీజిలు, కిరసనాయిలు కలిపి పోసినా ఏమీ పొయ్యని దానికన్నా నయమే. చెరువు గట్టు మీద చేస్తుంటే కింద రేకో గోనెపట్టానో పరవండి, డీజిలు చుక్క నీళ్ళల్లో పడితే చెరువాయన ఊరుకోడు.

పోసి వెంటనే పానా పెట్టేస్తారు, అదే తప్పు. సాయంత్రం పొయ్యండి, పడుకునే ముందు ఇంకోసారి, పొద్దున్న ఇంకోసారి. పోసిన ప్రతిసారీ చిన్న సుత్తితో బోల్టు తల మీద పదీ పదిహేను సార్లు టకటకా కొట్టండి, గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఆ అదురుకి తుప్పు సన్నగా పగిలి నూనెకి దారి ఇస్తుంది. నాకైతే సగం బోల్టులు ఇక్కడే వచ్చేస్తాయి, ఇంకేం అవసరం పడదు.

కదలడం మొదలెట్టాక ఆత్రపడి తిప్పెయ్యొద్దు. ముందు ఓ రవ్వంత బిగించే వైపు తిప్పండి, అవును, బిగించే వైపే, తర్వాత విప్పే వైపు పావు వంతు, మళ్ళీ వెనక్కి, మధ్యలో నూనె. కీచుమని శబ్దం వస్తుంటే పర్లేదు, తుప్పు నలుగుతోందని అర్థం. శబ్దం లేకుండా మెత్తగా, బంకగా, రబ్బరు మెలితిప్పినట్టు అనిపిస్తే మాత్రం అక్కడే ఆగండి, అది తిరగట్లేదు, మెలిపడుతోంది, ఇంకో అర చుట్టుకి తెగుద్ది. ఈ తేడా చేతికి తెలియడానికి నాకు నాలుగైదు బోల్టులు ఖర్చయ్యాయి.

ప్లస్ స్క్రూలకి, అంటే పాత బండ్ల సైడు కవర్లకుండేవి, ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి, సుత్తితో వెనక కొడితే తిరిగేది. ఓ దెబ్బకి లోపలికి నొక్కుతూ తిప్పుతుంది కాబట్టి గాడి చెడదు.

వేడి

వేడి పెట్టేముందు నూనె తుడిచెయ్యండి, పెట్రోలు ట్యాంకు, కార్బొరేటర్ తీసి దూరంగా పెట్టండి, పక్కన బకెట్టు నిండా ఇసక. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టొద్దు, కొన్ని రకాలు కాలితే విషవాయువు వస్తుంది.

ఇనుములో ఇనుమైతే నట్టుకి వేడి పెట్టాలి, స్టడ్డుకి కాదు, నట్టు సాగి వదులవ్వాలి కదా. ఎర్రగా అయ్యేదాకా కాల్చినా పర్లేదు, తర్వాత ఆ నట్టూ బోల్టూ పారేసి కొత్తవి వేస్తాం. వేడి మీదే కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోద్ది, ఇది చూడ్డానికి చిన్న ట్రిక్కులా ఉంటుంది గానీ భలే పనిచేస్తుంది.

అల్యూమినియంలో బోల్టయితే ఉల్టా, చుట్టూ ఉన్న అల్యూమినియానికి వేడి పెట్టాలి. ఒకే వేడికి అది ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుద్ది, కన్నం పెద్దదై బోల్టు వదులవుద్ది. కానీ అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదండి, 660 డిగ్రీల దగ్గర, అల్లాయ్ అయితే ఇంకా ముందే, చూస్తుండగానే జారిపోద్ది. అంత అక్కర్లేదు, నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేంత చాలు. మంట ఒక్కచోట నిలపకుండా తిప్పుతూ ఉండండి. దగ్గర్లో ఆయిల్ సీలు, రబ్బరు ఉంటే తడిగుడ్డ చుట్టండి. వేడెక్కించి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడెక్కించి, అలా రెండుమూడు సార్లు చేశాక తిప్పితే మొండివి కూడా వస్తాయి.

తల గుండ్రం అయిపోతే

కాస్త చిన్న సైజు బాక్సుని సుత్తితో కొట్టి దించితే ఒక్కోసారి పట్టేస్తుంది. లేకపోతే ఆకురాయితో రెండు పక్కలా చదును చేసి వైస్ గ్రిప్ (పట్టుకుని లాక్ అయ్యే పట్టకారు) పెట్టండి. నట్టయితే హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోసి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ, రెండుగా విచ్చుకుంటుంది, స్టడ్డు మిగులుద్ది.

విరిగాక

కొంచెం బయటికి కనపడుతుంటే అదృష్టవంతులే. పదిహేను ఎంఎం ఉంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి కింది నట్టుని విప్పండి. అంత లేదు, పైకి రెండు మూడు ఎంఎం మాత్రమే ఉంది, లేదా సమానంగా తెగింది, అప్పుడు నా ఓటు వెల్డింగ్‌కే. ఇది దగ్గర్నుంచి చెప్తాను, ఎందుకంటే చాలామంది వెల్డర్లే తొందరపడతారు.

పోయిన దాళ్వా దమ్ము అయ్యాక ఓ ట్రాక్టరు దమ్ము చక్రాలు విప్పుతుంటే ఎం12 బోల్టొకటి తెగింది. మట్టి కడిగి, వైరు బ్రష్షు కొట్టి, బోల్టు మొహం మెరిసేదాకా రుద్దాం. దానిమీద ఎం12 నట్టు కాకుండా కన్నం కాస్త పెద్దదైన ఎం14 నట్టు పెట్టాం, రాడ్డు లోపలిదాకా చేరాలి కాబట్టి. జింకు పూత ఉన్న నట్టయితే ముందు పూత గీకెయ్యాలి, లేకపోతే ఆ పొగకి రాత్రి చలిజ్వరం వస్తుంది. 2.5 ఎంఎం రాడ్డు, బోల్టు నడిమధ్యలో ఆర్కు మొదలెట్టి, గుండ్రంగా బయటికి తిప్పుకుంటూ నట్టు లోపలి గోడకి కలిపాడు వెల్డరు. ఎర్రగా ఉండగానే మా ట్రాక్టరు కుర్రాడు పానా పట్టుకుని దూకబోయాడు, "ఆగరా అబ్బాయ్" అని చెయ్యి పట్టుకున్నాను. ఎరుపు పోయి నల్లబడేదాకా ఆగాలి, ఎర్రగా ఉన్నప్పుడు వెల్డు మెత్తగా ఉండి ఊడొస్తుంది. నిమిషం ఆగి, పానా పెట్టి, ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత విప్పే వైపు. మొదటి నట్టు ఊడింది. రెండోది కూడా. మూడోదానికి కిర్రుమని కదిలింది. ఊడిందని బాధపడక్కర్లేదు, ప్రతి వెల్డూ బోల్టుకి లోపల్నుంచి వేడి పెట్టి పట్టు సడలిస్తుంది, నాలుగోసారికి వచ్చినవి కూడా చూశాను. అల్యూమినియంలో విరిగినదానికీ ఇదే మంచి దారి, ఉక్కు వెల్డు అల్యూమినియానికి అంటుకోదు.

బండి మీదే వెల్డింగ్ చేస్తే బ్యాటరీ రెండు వైర్లూ తీసెయ్యండి, ఎర్త్ క్లాంపు బోల్టుకి దగ్గరగా పెట్టండి, బేరింగు గుండా కరెంటు పోకుండా చూసుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లు దాదాపు అన్నిటికీ ఈసీయూ (ఇంజిన్ని నడిపే చిన్న కంప్యూటరు) ఉంటుంది, దాని కప్లర్ కూడా పీకెయ్యండి, అది పోతే బోల్టు గొడవ మర్చిపోతారు.

వెల్డింగ్ కుదరకపోతే డ్రిల్

ఇక్కడ సగం పని సెంటర్ దొరకడమే. తెగిన మొహం ఎగుడుదిగుడుగా ఉంటుంది, అల్యూమినియం మెత్తన, ఉక్కు గట్టిది, బిట్టు ఎప్పుడూ మెత్తనివైపే జారుతుంది. కాబట్టి ముందు మొహం చదును చేసి, సెంటర్ పంచ్ మెల్లగా పెట్టి, అన్నివైపుల్నుంచీ చూసి, సరిగ్గా ఉందనుకున్నాకే గట్టిగా కొట్టండి. ఇంకా మంచిది, లేతు దగ్గర చిన్న బుష్షు చేయించుకోవడం. విప్పిన కవరునో ఫ్లాంజినో మళ్ళీ దాని చోట పెట్టి, ఆ కన్నంలో బుష్షు దూర్చి, బుష్షు కన్నంలోంచి డ్రిల్ చేస్తే అది పక్కకి పోదామన్నా పోలేదు.

బిట్లు కొత్తవి వాడండి, స్పీడు తక్కువ, నొక్కుడు ఎక్కువ. ఉక్కుకి మాకు కొబ్బరి నూనె చుక్క చాలు, కోనసీమలో దానికేం కొదవ, అల్యూమినియానికైతే కిరసనాయిలు. ఎం8కైతే 3 ఎంఎం, తర్వాత 5, చివర 6.8. ఎం6కైతే 2.5, 4, చివర 5. సెంటర్ కుదిరితే చివరి బిట్టు తర్వాత మరల్లో సన్నని స్ప్రింగులా ఉక్కు పొర మాత్రమే మిగులుద్ది, పంచ్ మొనతో దాన్ని లోపలికి నొక్కి ముక్కుపట్టకారుతో లాగెయ్యొచ్చు, తర్వాత ట్యాపు (మరలు కోసే పనిముట్టు) తిప్పి శుభ్రం చెయ్యాలి. ఉల్టా తిరిగే ఎడమ బిట్లు దొరికితే వాటితోనే మొదలెట్టండి, కన్నం పెడుతుండగానే బోల్టు విప్పుకుని బయటికొచ్చేసిన సందర్భాలున్నాయి. ఈజీ అవుట్ పెట్టాలంటే ఇక్కడ, వేడి పెట్టాక, రెండు వేళ్ళ బలంతో. మొన వైపు సన్నబడే రకం ఈజీ అవుట్‌ని గట్టిగా తిప్పితే అది బోల్టుని లోపల్నుంచి వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది, అది కూడా గుర్తుంచుకోండి.

అల్యూమినియం ముక్కలో ట్యాపో ఈజీ అవుటో విరిగిపోయిందనుకోండి, ఓ పాత ఉపాయం ఉంది. పటిక. కాలవ నీళ్ళు తేరడానికి బిందెలో తిప్పుతామే, అదే. చిక్కటి పటిక నీళ్ళని వేడిగా ఉంచి ముక్కని అందులో పెడితే గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ ఉక్కుని మెల్లగా తినేస్తుంది, అల్యూమినియాన్ని పెద్దగా ముట్టుకోదు. కానీ ఇది ఒట్టి సైడు కవరు లాంటి వాటికే, ఇనప గిన్నె పనికిరాదు, హెడ్డుని మాత్రం ముంచొద్దు, వాల్వు సీట్లు కూడా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టు మీద పటిక పని చెయ్యదు.

మరలు పోతే హెలికాయిల్, స్ప్రింగు లాంటి స్టీలు మర. కిట్టుతో వచ్చిన బిట్టు, ట్యాపు మాత్రమే వాడండి, పైనుంచి అర చుట్టు లోపలికి దించి కింది తోక విరిచెయ్యండి. సరిగ్గా వేస్తే పాత అల్యూమినియం మర కన్నా గట్టిగా ఉంటుంది. బ్రేక్ క్యాలిపర్, స్టీరింగ్ బోల్టుల దగ్గర మరలు పోతే ఈ ప్రయోగాలన్నీ ఇంట్లో చెయ్యకండి, లేతుకి ఇచ్చెయ్యండి.

మళ్ళీ బిగించేటప్పుడు

కన్నంలో నూనె, చెత్త లేకుండా గాలి కొట్టండి, కళ్ళద్దాలు పెట్టుకుని. అడుగు మూసుకున్న కన్నంలో నూనె మిగిలితే బోల్టు దిగేటప్పుడు పిస్టన్‌లా నొక్కి కేసింగు పగలగొడుతుంది. తల మీద 8.8 ఉంటే 8.8 బోల్టే వెయ్యండి. మరలకి కాపర్ గ్రీజు పల్చగా, అప్పుడు టార్కు కాస్త తగ్గించుకోవాలి, జారుడు ఎక్కువ కాబట్టి అదే తిప్పుడికి బోల్టు ఎక్కువ లాగబడుద్ది. చక్రం నట్లకి మాత్రం రాయొద్దు.

ఇంకోటి, తుప్పు పట్టదు కదా అని మావాళ్ళు ఇంజిన్ కవర్లకి స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తున్నారు. బోల్టు మెరుస్తూనే ఉంటుంది, చుట్టూ అల్యూమినియమే ఇంకా త్వరగా పొడైపోద్ది ఉప్పుతడికి. వేసేసుంటే కనీసం గ్రీజు రాసి, ఆర్నెల్లకోసారి విప్పి బిగించండి. సైలెన్సర్ స్టడ్లకైతే ఇనప నట్టు మానేసి ఇత్తడి నట్టు వెయ్యండి, ఇత్తడి తుప్పుకి అతుక్కోదు, ఎక్కువ బలం పడితే ముందు నట్టు మరే పోద్ది గానీ స్టడ్డు తెగదు. బోల్టుల షాపులో ఎం6, ఒకటి పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం, ఎంఎంలలో) అని అడగండి, పిచ్ చెప్పకపోతే చేతికందింది ఇచ్చేస్తారు.